కోసుకుపోయిన గట్టు – పదకొండో భాగం: గెలిచాక అడిగిన ప్రశ్న

ఈ భాగం పత్రికకి ఆలస్యంగా చేరింది. తప్పు ఎడిటరుగారిది కాదు, నాది. నేను అక్షరాలు నేర్చుకున్నది తల నెరిసిన తర్వాత. నేను ఒక పేజీ నింపేలోపు మా పక్కింటావిడ ఒక దుప్పటి కుట్టేస్తుంది. గుణింతాల్లో తప్పులు దొర్లితే దిద్దుకుని చదవండి, నన్ను తిట్టుకోవాలనిపిస్తే తిట్టుకోండి. చదవడం మాత్రం ఆపకండి.

పోయిన భాగంలో ఎర్లీన్ కోబర్న్ గెలిచింది. సరుకు పడవల బార్జీ కంపెనీ తన పడవలన్నిటినీ నది మలుపులో ఉన్న మాలరీ బెండ్ ఒడ్డుకి వరసగా కట్టి ఉంచడం వల్లే గట్టు కోసుకుపోయిందనీ, ఆమె పెరడు మిసిసిపీ నదిలో కలిసిపోయిందనీ జ్యూరీ ఒప్పుకుంది. పడవలు అక్కణ్ణించి తీసెయ్యాలనీ, వసంతంలో నీళ్లు పెరిగేలోగా రాళ్లు పోసి గట్టు కట్టాలనీ జడ్జి ఆర్డరు వేసింది. ఆ సాయంత్రం ఎర్లీన్, ఆమె ఆడపడుచు (చనిపోయిన భర్త లోనీ చెల్లెలు) జునీటా కలిసి క్యాట్‌ఫిష్ వేయించుకుని తిన్నారు. ఇక రాళ్ల పడవ రావడమే తరువాయి అనుకున్నారు.

రాళ్ల పడవ రాలేదు. కోర్టు నుంచి పిలుపు వచ్చింది.

కంపెనీ లాయరు గ్రేడన్ లేసీ కొత్త అర్జీ పెట్టాడు. డొంకతిరుగుడు తీసేస్తే అందులో ఉన్నది ఒక్కటే మాట. ఎర్లీన్ గెలిచిన కోర్టుకి ఆమె దావా వినే అధికారమే లేదు. లేని అధికారంతో ఇచ్చిన తీర్పు తీర్పే కాదు. జ్యూరీ వారం రోజులు కూర్చున్నది గాలిలో కూర్చున్నట్టే.

పొద్దున్నంతా లేసీ ఆ సంగతే మాట్లాడాడు. మధ్యాహ్నం కోర్టు భోజనాలకి లేచింది. కోర్టు భవనం కింది అంతస్తులోని భోజనాల గదిలో ఎర్లీన్, జునీటా, లాయరు హోలిస్ పెట్టస్ ఒక బల్ల చుట్టూ చేరారు. హోలిస్ బొలోనా శాండ్‌విచ్ తింటున్నాడు. అతని టై మీద ఆవపిండి ముద్ద మరక పడింది. ఆ సంగతి అతనికి చెప్పాలని ఎర్లీన్‌కి అనిపించలేదు.

"ఇంకోసారి చెప్పండి," అందామె. "నాకు అర్థమయ్యేలా కాదు. మీకు అర్థమయ్యేలా చెప్పండి. మీకు అర్థమైందో లేదో నేను చూస్తాను."

హోలిస్ నోట్లో ముద్ద మింగాడు. మా వైపు పెళ్లయిన ఆడవాళ్లనీ మర్యాదకి మిస్ అనే పిలుస్తారు. "ఇది కేంద్రం నడిపే ఫెడరల్ కోర్టు. అడిగినవాళ్లందరి దావాలూ తీసుకోదు, మిస్ ఎర్లీన్. గట్టు తెగినా, కంచె విరిగినా, ఎవరి ఆవో ఎవరి పొలంలోనో పడినా, అవన్నీ రాష్ట్రం కోర్టు చూసుకుంటుంది. దావా వేసినవాళ్లు ఒక రాష్ట్రంవాళ్లు, అవతలివాళ్లు ఇంకో రాష్ట్రంవాళ్లు అయితే మాత్రం ఫెడరల్ కోర్టు తలుపు తీస్తుంది. స్థానికులంతా ఒకటై పరాయివాణ్ణి తొక్కేస్తారేమోనన్న భయంతో పెట్టుకున్న ఏర్పాటు. ఇద్దరిదీ ఒకే రాష్ట్రం అయితే ఆ తలుపు తియ్యడానికి వీల్లేదు."

"కంపెనీ టెన్నెసీ."

"ఆఫీసు టెన్నెసీలోనే ఉంది."

"నేను ఆర్కన్సా అని రాశారు మీరు."

"రాశాను."

"ఎవరు చెప్పారు?"

"మీ చిరునామా ఆర్కన్సాదండీ. ఊరి పేరు టాలీ అనీ, ఆర్కన్సా అనీ మీరే నాకు పంపిన కవరు మీద ఉంది."

"మాకు ఉత్తరాలు తెచ్చే కెన్నీ పక్కూరు టాలీ పోస్టాఫీసు నుంచి వస్తాడు. ఆర్కన్సావాడు వాడు, నేను కాదు. నా కారుకి టెన్నెసీ నంబరు ప్లేటు ఉంది. నేను ఓటు వేసేది టెన్నెసీలో. దానికి వంతెన చుట్టూ తిరిగి సగం రోజు పోవాలి. మా బెండ్‌లో సగం మంది అందుకే మానేశారు. నేను మానలేదు."

"మీరు నదికి పడమటి వైపు ఉన్నారు, మిస్ ఎర్లీన్. పడమటి వైపంటే ఆర్కన్సా. మ్యాపు చూసినవాడెవడైనా అదే అనుకుంటాడు."

"మా తాత చిన్నప్పుడు వరదొచ్చి నది తన దారి వదిలేసి మాకు తూర్పుకి దూకింది. దూకింది నది. రాష్ట్రాల సరిహద్దు పాత దారిలోనే ఉండిపోయింది. మేం ఎక్కడివాళ్లం అక్కడే ఉన్నాం. మాలరీ బెండ్‌లో ఏ పసిపిల్లని అడిగినా చెబుతుంది. మీరు అడగలేదు."

"మీరూ చెప్పలేదు కదా."

"నా నోట్లో పళ్లెన్నో కూడా చెప్పలేదు. ఎవరన్నా అడిగితే కదా చెప్పడానికి."

జునీటా నవ్వు ఆపుకోవడానికి తీపి టీ గ్లాసు ఎత్తుకుంది. టాలీలో సొంత ఇల్లున్న మనిషి ఆమె. మేబ్రీ అనే ఆర్కన్సా మనిషిని పెళ్లాడి, పెళ్లినాడే బెండ్ వదిలి వెళ్లిపోయింది. మొగుడు పోయినా ఆ ఊరు వదల్లేదు.

ఎర్లీన్ తన శాండ్‌విచ్ పక్కకి నెట్టేసింది. "సరే. మీరు తప్పు రాశారు. ఆ లేసీగారు ఇన్నాళ్లూ నోరు మూసుకుని కూర్చున్నాడు కదా. ఓడిపోయాక ఇప్పుడు నోరు తెరిస్తే, నీకు ఆలస్యమైపోయింది నాయనా, ఇంటికి పో అనడానికి లేదా?"

"ఇంకే విషయమైనా అయితే అనొచ్చు. దీనికి ఆలస్యం అనేది లేదు. ఎప్పుడైనా లేవనెత్తొచ్చు. ఓడినవాడు లేవనెత్తొచ్చు, గెలిచినవాడు లేవనెత్తొచ్చు, ఎవరూ ఎత్తకపోతే జడ్జే ఎత్తాలి."

"ఇదెక్కడి న్యాయం?"

హోలిస్ శాండ్‌విచ్ కింద పెట్టాడు. "మీ బెండ్ దగ్గర ఒకడు లైసెన్సు లేకుండా గాలం వేశాడనుకోండి. ఆర్కన్సా చేపల ఇన్‌స్పెక్టరు వచ్చి పట్టుకున్నాడు. చేప వాడి చేతిలోనే ఉంది. తప్పేనండీ అని వాడే ఒప్పుకున్నాడు. కాని ఆ నీళ్లు టెన్నెసీవి. ఇన్‌స్పెక్టరు వాడికి జరిమానా వెయ్యగలడా?"

"వెయ్యలేడు. మా డెల్మర్‌గాడి విషయంలో అదే అయింది. ఇన్‌స్పెక్టరు చేప కూడా తిరిగిచ్చేసి పోయాడు."

"వాడు ఒప్పుకున్నా వెయ్యలేడు కదా?"

"ఒప్పుకుంటే మాత్రం? ఆ నీళ్లలో అతనికేం పని?" ఎర్లీన్ ఆగింది. ఆమె ముఖం మాడిపోయింది. "అయితే ఆ పైన నల్లగౌను వేసుకుని కూర్చున్నావిడ చేపల ఇన్‌స్పెక్టరంటారు."

"ఈ ఒక్క విషయంలో, అంతేనండీ. నేనూ లేసీ చేతులు కలుపుకుని ఒప్పుకున్నా ఆవిడకి లేని అధికారం రాదు."

"తీర్పు పోతే?"

"రాష్ట్రం వైపు, కౌంటీ కోర్టులో మళ్లీ మొదలుపెట్టాలి."

కౌంటీ కోర్టు నదికి అవతల, కంపెనీ ఆఫీసుకి కూతవేటు దూరంలో ఉంది. జ్యూరీలో ఎవరు కూర్చున్నా కంపెనీ జీతం తినేవాళ్లో, తినేవాళ్ల బావమరుదులో అయి ఉంటారు. వాళ్లని తప్పించుకోవడానికే హోలిస్ ఫెడరల్ కోర్టుకి వచ్చాడు. ఒకవేళ అక్కడా గెలిచినా ఏం లాభం? ఆ కోర్టులో వంతు వచ్చేసరికి వసంతం వస్తుంది, నీళ్లు పెరుగుతాయి. గట్టుకీ ఎర్లీన్ వంటింటికీ మధ్య ఇప్పుడు మిగిలింది ఒక బట్టల తీగ పట్టేంత నేల. గెలిచేనాటికి కాపాడుకోవడానికి ఇల్లే ఉండదు.

"ఒక దారుంది," అన్నాడు హోలిస్. గొంతు తగ్గించాడు. "కోర్టు చూసేది దావా వేసిన రోజు ఒక్కదాన్నే. ఆ రోజు మీరు బెండ్‌లో లేరు. వంటింట్లోకి నీళ్లొచ్చాయని ఆ చలికాలమంతా టాలీలో మిస్ జునీటా ఇంట్లో ఉన్నారు. ఆర్కన్సా నేల మీద."

"ఉన్నాను."

"మనిషి ఇల్లు మారినట్టు చట్టం ఒప్పుకోవాలంటే ఒళ్లూ మారాలి, మనసూ మారాలి. మీ ఒళ్లు టాలీలోనే ఉంది. మనసు..." ఆపేశాడు. "అక్కడే ఉండిపోదామని ఆ రోజు మీ మనసులో ఉంటే మీరు ఆర్కన్సా మనిషే. తీర్పు నిలుస్తుంది. తిరిగి బెండ్‌కే పోదామని ఉంటే టెన్నెసీ. తీర్పు పోతుంది."

"జ్యూరీ ముందు నేనేం చెప్పానో మీకు తెలుసు. పక్కనే కూర్చున్నారు."

తెలియకేం. రేపు గట్టు కడితే రేపే పోతాను, ఆ ఇల్లు తప్ప నాకు ఇల్లు లేదు అని చెప్పింది. జ్యూరీలో ఒకావిడ కళ్లు తుడుచుకుంది. కేసు గెలిపించింది ఆ మాటే.

"అది విచారణ నాటి మాట," అన్నాడు హోలిస్. "దావా వేసింది అంతకు చాలా ముందు. మధ్యలో మనసు మారొచ్చు. మారిందని నేననడం లేదు. ఏం చెప్పాలో నేను చెప్పకూడదు, చెబితే నా లైసెన్సు ఊడుతుంది. ఏ జవాబు చెబితే ఏమవుతుందో మాత్రం చెప్పాను."

"అంటే నా ఇల్లు నాకు దక్కాలంటే, ఆ ఇంటికి తిరిగి పోవాలని నాకు లేదని బైబిలు మీద చెయ్యేసి చెప్పాలి."

హోలిస్ తన కాగితపు రుమాలు మడతపెట్టాడు. విప్పాడు. మళ్లీ మడతపెట్టాడు.

"ఎవరు కనిపెట్టారండీ ఈ చట్టం?" అంది ఎర్లీన్. "వాళ్లకి ఇంట్లో పనీపాటా ఉండేది కాదా?"

జునీటా గ్లాసు దింపింది. "వదినా, ఇందులో అంత ఆలోచించేదేముంది? నువ్వు నా దగ్గరే ఉండిపోదామనుకున్నావు. నాతో అన్నావు కూడా."

"ఎప్పుడన్నాను?"

"ఆ మంచు పడ్డప్పుడు. బెండ్ నుంచి మోకాళ్ల దాకా బురదతో వచ్చి, నా పొయ్యి దగ్గర కూర్చుని, ఇక ఆ కొంప మొహం చూడను జునీటా అన్నావు."

"కాళ్లు కొంకర్లు పోయినప్పుడు ఎవరైనా అంటారు అలాగ."

"అన్నావా, లేదా?"

"అన్నాను."

"మరి అదే చెప్పు. అబద్ధం కాదుగా. నీ నోటితో నువ్వన్న మాటే." జునీటా పెకాన్ గింజలతో చేసిన తీపి ముక్క ఉన్న తన పళ్లేన్ని వదిన ముందుకి జరిపింది. "టాలీ చర్చిలో నీకు కుర్చీ ఉంది, నా ఇంట్లో గది ఉంది. ఆర్కన్సా అని ఒక్క మాట అను. మా అన్న ఉన్నా ఇదే చెప్పేవాడు."

"మీ అన్న ఉంటే నంబరు ప్లేటు చూసే లాయర్ని పెట్టుకునేవాడు."

హోలిస్ ఆ మాట విననట్టు టీ తాగాడు. "చెప్పు వదినా, చెబుతావుగా," అని జునీటా మెట్ల మీద కూడా అడుగుతూనే ఉంది. ఎర్లీన్‌కి చిరాకేసింది. కాని తనకోసమే కదా పాపం అనుకుని ఊరుకుంది.

భోజనాల తర్వాత జడ్జి టెరెల్ వచ్చి కూర్చుంది. ఆవిడ కూడా మంచి మూడ్‌లో లేదు. ముందుగా లేసీనే లేపింది.

"మిస్టర్ లేసీ, ఈవిడ టెన్నెసీ మనిషని మీకెప్పుడు తెలిసింది?"

లేసీ బూడిదరంగు సూటులో నాజూకుగా నిలబడ్డాడు. "విచారణకి ముందే కొంత అనుమానం కలిగింది, యువర్ ఆనర్."

"ఎలా కలిగింది?"

"పార్కింగ్‌లో ఆమె కారు నంబరు ప్లేటు గమనించాను."

"గమనించి జేబులో పెట్టుకున్నారు. మీరు గెలిచి ఉంటే అది జేబులోనే ఉండిపోయేది."

"ఎప్పుడైనా లేవనెత్తవచ్చని చట్టం చెబుతోంది, యువర్ ఆనర్."

"చట్టం ఏం చెబుతోందో నాకు తెలుసు. మిమ్మల్ని చూసి ముచ్చట పడమని మాత్రం నాకు చెప్పలేదు. కూర్చోండి."

ఎర్లీన్‌కి ఆ జడ్జి మీద కాస్త అభిమానం కలిగింది. అంతలోనే బోనెక్కమని పిలుపు వచ్చింది. ఆమె ప్రమాణం చేసింది. లేసీ ముందుకి రాబోతే జడ్జి చేత్తో ఆపింది.

"నేనే అడుగుతాను. మిసెస్ కోబర్న్, ఈ దావా వేసిన రోజున మీ ఇల్లు ఏది? ఆ రాత్రి ఎక్కడ పడుకున్నారని నేను అడగడం లేదు. వెళ్లి ఉండిపోవాలని మీ మనసులో ఉన్న చోటు ఏది?"

ఎర్లీన్ బల్లల వైపు చూసింది. హోలిస్ తన పసుపు కాగితాల కట్టకేసి చూస్తున్నాడు. వెనక బెంచీలో జునీటా తల కొంచెం ఊపింది, చెప్పు అన్నట్టుగా.

చెప్పడానికి ఏమంత కష్టం కాదు. ఆ మాట తను అన్నదే. పొయ్యి దగ్గర కూర్చుని అన్నదే. కాని ఆ తర్వాతి ఆదివారం ఏం చేసిందో ఆమెకి గుర్తొచ్చింది. చర్చి అవగానే టాలీ ఇంటికి పోకుండా బెండ్‌కి పోయింది. నీటి గొట్టాలు గడ్డకట్టి పగలకుండా వంటింట్లో స్టవ్ వెలిగించింది. వరండాలో బురద గీకింది. లోనీ పడుకునే వైపు మంచం కాళ్ల కింద ఇటుకలు పెట్టి ఎత్తింది. ఆ మరుసటి ఆదివారమూ వెళ్లింది. ఆ చలికాలంలో వెళ్లని ఆదివారం లేదు. వెళ్లిన ప్రతిసారీ ఆ కొంపని తిట్టింది. పరాయి ఇంటిని ఎవరూ అలా తిట్టరు.

"మాలరీ బెండ్," అంది.

హోలిస్ కళ్లు మూసుకున్నాడు.

"ఇక పోనని ఓ రాత్రి అన్న మాట నిజమే, జడ్జిగారూ. చలికి అన్నాను. ఆ తర్వాత ప్రతి ఆదివారం వెళ్లి గొట్టాలు పగలకుండా స్టవ్ వెలిగించి వచ్చాను. నా ఇల్లు కాకపోతే నాకెందుకా పీడ? ఈ మాట చెబితే ఆ ఇల్లు నదిలో కలుస్తుందని మా లాయరు నాకు వివరంగా చెప్పాడు. ఏం చెయ్యను? మీరు అడిగినదానికి జవాబు అది."

"ధన్యవాదాలు, మిసెస్ కోబర్న్."

"ఇంకో మాట చెప్పొచ్చా?"

"చెప్పండి."

"మీరిప్పుడు అడిగింది నిమిషం పట్టే ప్రశ్న. మొదటి రోజే ఎవరన్నా అడిగి ఉంటే మొదటి రోజే ఇదే జవాబు చెప్పేదాన్ని. మూడేళ్లు పట్టింది ఇంతమంది చదువుకున్నవాళ్లకి. ఆ జ్యూరీలోవాళ్లు పత్తి కోతల మధ్యలో పనులు మానుకుని వచ్చారు. వాళ్లకి ఎవరు చెబుతారు?"

జడ్జి కళ్లద్దాలు తీసి ముక్కు నొక్కుకుంది. "ఆ తప్పులో నాకూ భాగం ఉంది. మొదటి రోజే నేనడగాలి. అడగలేదు. మీరు దిగి కూర్చోండి."

ఎర్లీన్ వచ్చి హోలిస్ పక్కన కూర్చుంది. మనసు తేలిగ్గానే ఉంది. అవతల లేసీ అప్పుడే లేచి కోటు సర్దుకున్నాడు.

"వాది స్వయంగా ఒప్పుకున్నారు కనుక, యువర్ ఆనర్, తీర్పు కొట్టివేసి..."

"తొందరపడకండి. ఇప్పుడు ఒక వైపు తేలింది. ఆవిడ టెన్నెసీ. రెండో వైపు ఇంకా తేలలేదు. మీ కంపెనీది ఏ రాష్ట్రం?"

"టెన్నెసీ. ఆఫీసు అక్కడే ఉంది, నమోదు అక్కడే అయింది."

"అది కార్పొరేషనా?"

"కాదు, యువర్ ఆనర్. ఎల్ఎల్‌సి. కొంతమంది సభ్యులు కలిసి పెట్టుకున్న కంపెనీ."

"కార్పొరేషన్ అయితే ఆఫీసు ఎక్కడ, నమోదు ఎక్కడ అని చూస్తాం. సభ్యుల కంపెనీకి అవేవీ లెక్కలోకి రావు. సభ్యులు ఎన్ని రాష్ట్రాలవాళ్లయితే కంపెనీ అన్ని రాష్ట్రాలదీ. ఆఫీసు చంద్రుడి మీద ఉన్నా సరే. మీ సభ్యులెవరు?"

లేసీ తన కాగితాల్లో వెతికాడు. సభ్యుల పేర్లు ఎక్కడా లేవు.

"మీ కక్షిదారు ఎవరో మీకు తెలీదు," అంది జడ్జి. "మిస్టర్ పెట్టస్, మీరు దావా వేసింది ఎవరి మీదో మీకన్నా తెలుసా?"

హోలిస్ లేచాడు. అతని టై మీది మరక ఇప్పుడు కోర్టంతటికీ కనిపిస్తోంది. "ఆఫీసు బోర్డు మీద టెన్నెసీ అని ఉందండీ."

"ఒకరు కవరు చూశారు, ఒకరు నంబరు ప్లేటు చూశారు, ఇప్పుడు బోర్డు. మనుషుల్ని అడిగే అలవాటు మీ ఇద్దరిలో ఎవరికీ లేదు." ఆవిడ కంపెనీ బల్ల చివర కూర్చున్న భారీ మనిషికేసి చూసింది. "మీరు మేనేజరు కదా, మిస్టర్ క్రిచ్‌ఫీల్డ్? రండి."

ఓడెల్ క్రిచ్‌ఫీల్డ్ టోపీ చేత్తో పట్టుకుని బోనెక్కాడు. అతని పొడుగు బూట్లకి నది బురద ఎండి ఉంది.

"కంపెనీలో వాటా ఉన్నవాళ్లెవరు?"

"నాకైతే లేదండీ. నేను టెన్నెసీవాణ్ణే గాని ఉత్త జీతగాణ్ణి. వాటా ఇమ్మని అడిగాను, ఇవ్వలేదు."

"ఎవరికి లేదో అడగలేదు. ఎవరికుందో చెప్పండి."

"ఒహాయోలో అన్నదమ్ములిద్దరు. హాల్‌బ్రుక్‌లు. పడవలు వాళ్లవే. లూయిజియానాలో ఒకావిడ. పెట్టుబడి ఆవిడది."

హోలిస్ తల మెల్లగా పైకి లేచింది. ఎర్లీన్‌కి అతని ఊపిరి వినిపిస్తోంది.

"టెన్నెసీలో ఎవరైనా ఉన్నారా?"

"లేరండీ."

"ఇంకెవరన్నా?"

ఓడెల్ టోపీని అటూ ఇటూ తిప్పాడు. "ఇంకొకటి చిన్న వాటా."

"చిన్నదా, పెద్దదా అని నేను అడగలేదు."

"మాలరీ బెండ్ దగ్గర పడవలు కట్టుకోవడానికి ఎగువ వైపు నేల కావలసొచ్చిందండీ. అది లేకపోతే అక్కడ ఒక్క పడవ కూడా ఆగదు. ఆ నేల ఉన్న మనిషి డబ్బొద్దు, కౌలొద్దు, కంపెనీలో సభ్యత్వం ఇవ్వండి, లాభంలో వాటా ఇవ్వండి అన్నారు. ఇచ్చాం."

"దావా వేసే నాటికి ఆ మనిషి సభ్యులేనా?"

"అంతకు ముందు నుంచే."

"పేరు?"

"పేరు బయట పెట్టబోమని మాటిచ్చామండీ."

"నేనివ్వలేదు. పేరు చెప్పండి."

ఓడెల్ బెంచీల వైపు చూడకుండా చెప్పాడు. "జునీటా మేబ్రీ. టాలీ, ఆర్కన్సా."

ఎర్లీన్ ఆ పేరు విన్నది. విని, అదే పేరు గలావిడ ఇంకెవరో టాలీలో ఉన్నట్టుంది అనుకుంది. ఎగువ నేల. అది మామగారు చనిపోతూ కూతురు జునీటాకి రాసిన నేల. బాతుల వేటగాళ్ల క్లబ్బుకి అమ్మేశానని జునీటా చెప్పింది. క్లబ్బువాళ్లు ఒక్కసారి కూడా బాతుల కోసం ఎందుకు రాలేదని ఎర్లీన్ ఎన్నడూ అడగలేదు.

హోలిస్ వేళ్లు మడిచి రాష్ట్రాలు లెక్కపెడుతున్నాడు. ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు.

"ఒహాయో, లూయిజియానా, ఆర్కన్సా," అని గుసగుసగా అన్నాడు. "టెన్నెసీ లేదు. మీరొక్కరే టెన్నెసీ. మిస్ ఎర్లీన్, తలుపు తెరిచే ఉంది. మొదటి నుంచీ తెరిచే ఉంది, తప్పు కారణానికి లోపలికొచ్చాం, అంతే. తీర్పు నిలబడుతుంది." అతని మొహం వెలిగిపోతోంది. "భలే గట్టెక్కాం. మీరు గనక ఆర్కన్సా అని ఉంటే ఆవిడా ఆర్కన్సా, మీరూ ఆర్కన్సా. ఆ ఒక్క చిన్న వాటాతో అంతా కొట్టుకుపోయేది."

తనేమన్నాడో అతనికి అప్పుడు అర్థమైంది. మోచెయ్యి వదిలేశాడు.

ఎర్లీన్ కుర్చీలో వెనక్కి తిరిగింది. జునీటా లేచి నిలబడి ఉంది. సంచీ భుజానికి తగిలించుకుని బెంచీల మధ్య దారిలోకి ఒక కాలు పెట్టింది.

"మిసెస్ మేబ్రీ మీరేనా?" అంది జడ్జి. "కూర్చోండి. ఎక్కడికీ వెళ్లకండి."

జునీటా కూర్చోలేదు. వెళ్లనూ లేదు.

"జునీటా," అంది ఎర్లీన్. కోర్టులో అడగకుండా మాట్లాడకూడదని ఆమెకి తెలుసు. హోలిస్ చెయ్యి అడ్డం పెట్టాడు, ఆమె తోసేసింది. "ఆర్కన్సా అని చెప్పమని అంతగా పోరావే. నా మీద జాలితో చెప్పావా? చెబితే ఏమవుతుందో తెలిసే చెప్పావా?"

జడ్జి సుత్తి ఎత్తింది గాని కొట్టలేదు. ఆవిడకీ ఆ జవాబు కావాలి.

జునీటా వదిన మొహంలోకి చూడలేదు. బోనులో ఉన్న ఓడెల్ క్రిచ్‌ఫీల్డ్ కేసి, ఇప్పుడేం చెప్పమంటావన్నట్టు చూసింది. అతను చూపు తిప్పుకున్నాడు.

— లూవెల్లా ప్రూయిట్, వయసు డెబ్బై మూడు. ఇప్పుడు ఉంటున్నది టాలీలో, పాత పత్తి జిన్ను మిల్లు వెనక వీధి.